మూడు వందల పలుపులు

మేఘవర్తి రాజ్యానికి పడమటి కొసన, కుహూనది వడ్డాణంలా చుట్టిపోయే చోట, శృంగపురి అనే పట్టణం ఉండేది. దాని కోటగోడలు ఎర్రరాతివి. సింహద్వారం మీద దంతపు చెక్కడాలు, రాజవీధి పొడుగునా చలువరాతి అరుగులు, ఆ అరుగుల పక్కన రాగిరేకు కప్పిన పశువుల కొట్టాలు. ఆ ఊళ్లో ఆవుల కొమ్ములకు ఇత్తడి కుప్పెలు తొడిగేవారు. మెడలో గంట మోగిన తీరును బట్టి అది ఏ ఇంటి ఆవో పొయ్యి దగ్గర కూర్చున్న ఇల్లాలు చెప్పేసేది. ఊరు పాడి మీద బతికింది. పాడి మీదే బలిసింది.

ఇప్పుడా ఊళ్లో మనిషి లేడు.

గాలికుంటు రోగానికి ఆకు తేవడానికి తూర్పుకొండ ఎక్కి, నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం దిగివచ్చిన తిప్పన్న సింహద్వారం కింద ఆగిపోయాడు. మూడు వందల గొంతులు ఒక్కసారిగా అరుస్తున్నాయి. అది ఆకలి అరుపు కాదు. దాహపు అరుపు. పాతికేళ్లుగా ఊరి మందను మేపుతున్నవాడికి ఆ తేడా ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఏం జరిగిందో నేల చూస్తే తెలిసింది. మాంత్రికుడు ధూమకంఠుడు రాజధానిని పట్టుకున్నాడనీ, మహారాజు దొడ్డిదారిన పారిపోయాడనీ అతను కొండ మీదే విన్నాడు. ఆ వార్త ఊరికీ చేరింది. నదిరేవు దాకా వీధి నిండా ఈడ్పు గీతలు. ఊయల బల్లలు ఈడ్చిన గీతలు, నిలువుటద్దాలు ఈడ్చిన గీతలు. పగిలిన ఆవకాయ జాడీ ఒకటి దారిలో ఎర్రగా ఎండిపోయి ఉంది. పడవల్లో ఊయలలకు చోటు దొరికింది. దూడలకు దొరకలేదు.

పోతూపోతూ చేసిన పని ఇంకొకటి ఉంది. ప్రతి పశువునూ గుంజకు బిగించి కట్టిపోయారు.

శృంగపురిలో ఇంటికో ముడి. పలుపును గుంజకు ఆ ముడితోనే కట్టాలి. ఇంటిపెద్ద తన చేత్తో వెయ్యాలి, తన చేత్తో విప్పాలి. పరాయి చెయ్యి ఆ ముడి విప్పితే దొంగతనం. విప్పిన చెయ్యి తెగ్గొట్టేవారు. తిప్పన్న రోజూ తెల్లవారి ఒక్కో గుమ్మం ముందూ నిలబడేవాడు. యజమాని నిద్ర లేచి, ఆవులించి, ముడి విప్పి తోలితే అందుకునేవాడు. సాయంత్రం గుమ్మం దాకా తోలి మళ్లీ నిలబడేవాడు. పాతికేళ్లలో ఒక్క పలుపు ముట్టలేదు. ముడి వేసిపోతే ఎవరూ ముట్టరని ఊరు నమ్మింది. దాహం కూడా ముట్టదని నమ్మినట్టుంది.

మొదటి కొట్టంలో ఒక కర్రిఆవు మోకాళ్ల మీద కూలబడి గచ్చు నాకుతోంది. నాలుక గరుకు తేలి, పగుళ్లలో నెత్తురు కనిపిస్తోంది.

తిప్పన్న తన కుడిచేతి వైపు ఒకసారి చూసుకున్నాడు. మొలలోంచి కొడవలి తీశాడు. పలుపు కోసేశాడు.

ఆ తర్వాత ఆగలేదు. అయితే ఆదరాబాదరాగా కొయ్యలేదు. నాలుగు రోజులు నీళ్లు చూడని పశువును ఒక్కసారిగా నదిలోకి వదిలితే కడుపు ఉబ్బి గట్టు మీదే పడిపోతుంది. ఇరవై కోసి, రేవుకు తోలి, పది గుక్కలు తాగగానే కర్రతో మూతుల మీద కొట్టి వెనక్కి తిప్పి, నీడన నిలబెట్టి, మళ్లీ ఇరవై కోశాడు. పాలు గడ్డకట్టి పొదుగులు రాళ్లయిన ఆవుల కిందికి దూడలను వదిలాడు. రెండు కోడెలు నడివీధిలో కొమ్ములు కలిపి పోట్లాడుకుంటే మధ్యలో దూరి ముక్కుతాళ్లు లాగాడు. ఒకటి అతని పక్కటెముకల్లో కుమ్మింది. తిట్టడానికి కూడా ఊపిరి చాల్లేదు.

చివరి వీధిలో చివరి కొట్టం. చివరి పలుపు మీద కొడవలి ఆనించాడు.

“ఆగు! ఆగు పెద్దాయనా! ముడి కొయ్యకు!”

భుజాన గొంగళ్ల మూట వేసుకున్న యువకుడొకడు వీధి మలుపులోంచి పరుగెత్తుకొస్తున్నాడు. మనిషి నిటారుగా ఉన్నాడు. ముఖాన మసి పూసుకున్నా కళ్లలో తేజస్సు దాగలేదు. అతను గొంగళ్ల వర్తకుడు కాడు. మేఘవర్తి యువరాజు మణికేతుడు. ధూమకంఠుణ్ణి చంపగల ఖడ్గం హేమపురి కొండల్లో ఉందని తెలిసి, మారువేషంలో నది దాటబోతున్నాడు. ఆ సంగతి తిప్పన్నకు తెలియదు.

“రెండు వందల తొంభై తొమ్మిది కోశాను. ఇప్పుడా చెప్పేది?” అన్నాడు తిప్పన్న.

మణికేతుడు రొప్పుతూ అరుగు మీద కూలబడ్డాడు. “ఎగువ ఊళ్లో కళ్లారా చూసి వస్తున్నాను. ముడిలో ఉన్న పశువును ధూమకంఠుడు తాకలేడు. అది ఒక ఇంటిది. ముడి తెగి తిరిగేది బందెలదొడ్డిది. బందెలదొడ్డి ఎవరిది?”

“రాజుగారిది. పొలాల్లో పడ్డ పశువును తోలుకుపోయి అందులోనే కదా కట్టేసేది.”

“ఆ గద్దె మీద ఇప్పుడెవరు కూర్చున్నారు?”

తిప్పన్న పలుపు మీంచి కొడవలి తీశాడు.

“వాడి బందెలవాడు ఊరూరా తిరుగుతున్నాడు. దొడ్డిలో పడ్డ ప్రతి పశువూ పొగ అయిపోతుంది. పొగ ఎద్దులు, పొగ ఆవులు. వాటితోనే కోటలు కూల్చుతున్నాడు.”

“అంటే కట్టి ఉంచితే దాహంతో చావాలి. విప్పితే వాడి పాలవాలి. బాగుంది. దేశానికి చట్టం రాసినవాడెవడో గానీ భలే రాశాడు.”

“మళ్లీ కట్టెయ్యి.”

“దేంతో? ముడి ఇంటికి ఉంటుంది, మనిషికి కాదు. నేను పడుకునేది ఊరి బయట మందపట్టున. నాకు ముడెక్కడిదయ్యా?”

ఆ మాట అంటూనే చివరి పలుపు కూడా కోసేశాడు.

“అదెందుకు కోశావు? అదొక్కటైనా దక్కేదిగా!”

“ఒక్కటే ఇక్కడ నిలబడి చావాలా? నీ గొంగళ్లు దానికి తాగిస్తావా?”

చెయ్యవలసింది ఇక ఒక్కటే. నదికి అవతల హేమపురి రాజ్యం. ఆ గట్టు మీది సరిహద్దు రాళ్లు దాటితే ధూమకంఠుడి ఆజ్ఞ చెల్లదు. బందెలవాడు రాకముందే మూడు వందల ప్రాణాలనూ నది దాటించాలి.

మణికేతుడు ఉత్సాహంగా ఎద్దుల వెనక నిలబడి, నాలుక పైకి కొట్టి “హై! హై!” అన్నాడు. ఎద్దులు అతని వైపు తిరిగి చూసి, నిలబడ్డచోటే పేడ వేశాయి.

“అది గుర్రానికి. ఏ ఊరయ్యా నీది?” అన్నాడు తిప్పన్న.

“ఉత్తరాన... దూరం.”

“గొర్రెకు ఉన్ని ఎటువైపు నుంచి కత్తిరిస్తారు?”

యువరాజు భుజం మీది మూటను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అనుకున్నాను. ఆ చేతులు చూస్తే వెన్నముద్దల్లా ఉన్నాయి. వెనక నడువు. అరవకు. ఏదైనా ఆగితే తోక మెలితిప్పు, తన్నితే తన్నించుకో.”

మందకు ముందు నడిచే ఆవు కావాలి. అది పురపెద్ద ఉద్దండయ్యగారి పాలవెల్లి. తెల్లని ఒళ్లు, గంగడోలు నేలకు జీరాడుతుంది. అది కదిలితే మూడు వందలూ కదులుతాయి. దానికి ఇందాకే నీళ్లు తాగించి ఉద్దండయ్య మేడ ముందు నిలబెట్టాడు. తిప్పన్న అక్కడికి వెళ్లేసరికి దాని పక్కన మనిషి ఉన్నాడు. పట్టు ఉత్తరీయం నడుముకు బిగించి, ఆవు కొమ్ముకున్న ఇత్తడి కుప్పెను తిప్పి లాగుతున్నాడు. సాక్షాత్తూ పురపెద్ద ఉద్దండయ్య.

తిప్పన్నకు ప్రాణం లేచివచ్చింది. “దొరా! వచ్చారా! ఊరు గుర్తొచ్చిందా!”

ఉద్దండయ్య ఉలిక్కిపడి, మనిషిని గుర్తుపట్టి, వెంటనే గొంతు పెంచాడు. “ఒరేయ్ తిప్పా! నా ముడి కోసిందెవర్రా?”

“నేనే.”

“నీకెంత ధైర్యం! మా తాత వేసిన ముడిరా అది! చెయ్యి తెగ్గొట్టిస్తాను!”

“తెగ్గొట్టించండి. నాలుగు రోజులు నీళ్లు లేవు దానికి.”

“దాని సంగతి నాకు తెలుసు. నేను దానికోసమే వచ్చాను.” అని రెండో కుప్పె కూడా ఊడదీసి, మెడలో గంట విప్పి, మూడూ మూటలో వేసుకున్నాడు.

“తోలుకుపోండి మరి.”

“తోలుకుపోవడమేమిటిరా? చిన్న పడవ. అందులో ఆవెలా పడుతుంది?”

తిప్పన్న ఆ మూట వైపు చూశాడు. అప్పుడే కోట బయట కొమ్ము ఊదారు.

ఆ ధ్వనికి కొట్టాల మీది రాగిరేకులు గడగడ వణికాయి. ఎండ మసకబారింది. సింహద్వారంలోంచి కొండంత ఆంబోతు లోపలికి అడుగుపెట్టింది. అది శృంగపురి ఆంబోతే. దేవుడికి వదిలిన పశువు, ఎవరిదీ కాదు, మెడకు పలుపు ఎరగదు. అందుకే అన్నిటికంటే ముందు అది పోయింది. ఇప్పుడు దాని మూపురం నుంచి నల్లని పొగ సుడులు తిరుగుతోంది. కళ్లున్నచోట నిప్పుకణికలు. దాని మీద బక్కపలుచని మనిషి కూర్చున్నాడు. మోకాళ్ల కింద అతనికి కాళ్లు లేవు, పొగే ఉంది. వాడే బందెలవాడు.

“మంద ఎవరిది?” అన్నాడు. గొంతు మర్యాదగానే ఉంది.

ఉద్దండయ్య పక్కనున్న గడ్డివామిలోకి దూకాడు. ముడి తెగిన పశువునైనా, మూడుసార్లు అడిగేలోగా ఎవరైనా తమదంటే, బందెలదొడ్డికి తోలకూడదని పాత చట్టం. పురపెద్దగా ఊరి తరఫున ‘మాదే’ అనే హక్కు ఆ పట్టణంలో ఆయన ఒక్కడికే ఉంది.

“దొరా,” అన్నాడు తిప్పన్న గడ్డివామితో. “ఒక్క మాట. ‘మాదే’ అనండి చాలు. వాడు మిమ్మల్ని ముట్టుకోలేడు.”

గడ్డి వణికింది.

“మంద ఎవరిది?” రెండోసారి. ఆంబోతు ముక్కుల్లోంచి రెండు పొగతాళ్లు జారి, పాముల్లా నేల మీద పాకుతూ, ముందున్న దూడ కాళ్ల దగ్గరికి వచ్చాయి.

“దొరా! అమ్మతోడు, ఒక్క మాట!”

గడ్డివామి లోపలి నుంచి సన్నగా, “నేనిక్కడ లేనురా,” అని వినిపించింది.

వెనకే వచ్చిన మణికేతుడు గొంగళ్ల మూటలో చెయ్యి పెట్టాడు. అందులో కత్తి ఉంది. కత్తి పొగను ఏం చేస్తుంది?

“మూడోసారి అడుగుతున్నాను. మంద ఎవరిది?”

మందకాపరి ఇతరుల పశువును ‘నాది’ అంటే దానికి శిక్ష చెయ్యి కాదు, తల. పాతికేళ్లలో తిప్పన్న ఆ మాట నవ్వులాటకు కూడా అనలేదు. సంతలో ఎవరైనా ‘మీ ఆవులు బాగున్నాయే’ అంటే ‘మావి కావయ్యా’ అని వెంటనే దిద్దేవాడు.

“నాదే,” అన్నాడు తిప్పన్న. “మూడు వందలూ నావే. అదిగో, ఆ ఒంటికొమ్ము గిత్తతో సహా నావే. ఏం?”

పొగతాళ్లు దూడ గిట్టల దగ్గర ఆగి, వెనక్కి జారిపోయాయి.

బందెలవాడు అతన్ని కాళ్ల నుంచి తల దాకా పరిశీలించాడు. చిరుగుపంచె, కుమ్మిన పక్కటెముకల మీద నెత్తురు. నవ్వాడు. “యజమాని ఉన్నాడు. మంచిది. ఇంకొక నోరు ‘నాది’ అననంతవరకే సుమా. ఒక పశువుకు ఇద్దరు యజమానులు లేచారా, తగవు తీరేదాకా అది దొడ్డిది. ఇది నేను పెట్టిన చట్టం కాదు. మీదే. తోలుకో. సరిహద్దు రాళ్ల దాకా నీ వెనకే వస్తాను.”

“ఎందుకు?”

“మీ ఊరివాళ్లను నేనెరుగుదును.”

తిప్పన్న పాలవెల్లి మెడ మీద చెయ్యి వేశాడు. అది కదిలింది. వెనక రెండు, ఆ వెనక పది, ఆపై వీధి వీధంతా కదిలింది. గిట్టల చప్పుడుతో శృంగపురి చలువరాళ్లు అదిరాయి. మంద రేవులో దిగింది.

ఆ వేళ కుహూనది కరిగించిన నీలాలు పోసినట్టుంది. నడిపాయలో ఎండ తునకలై మెరుస్తోంది. ఒడ్డున రెల్లుపూలు వింజామరల్లా ఊగుతున్నాయి. దాన్ని చూసి మురిసే తీరిక ఎవరికీ లేదు. మోకాళ్ల లోతు దాటగానే ప్రవాహం పశువులను పక్కకు నెట్టింది. దూడలను ఎగువవైపు ఉంచితే కొట్టుకుపోతాయి. తల్లుల దిగువకు తోసి, తల్లుల ఒళ్లనే గోడలుగా నిలబెట్టాడు తిప్పన్న. మణికేతుడు ఒక ముసలి ఎద్దు తోక పట్టుకుని, నీళ్లు మింగుతూ, నోరెత్తకుండా ఈదుతున్నాడు. ఎలాగైతేనేం, కాస్త పని నేర్చుకున్నాడు. వెనక బందెలవాడి ఆంబోతు నీటి మీద నడిచి వస్తోంది. దాని గిట్టలు తడవడం లేదు.

సగం నది దాటారు.

ఎడమపక్కన చిన్న పడవ వచ్చింది. ఉద్దండయ్య. తలనిండా గడ్డిపోచలు, ఒళ్లో మూట. ఇంతసేపూ చూశాడాయన. పొగ ఎవరినీ ఏమీ చెయ్యలేదు. ఊరి మందంతా ఒక జీతగాడి పేరున పరాయి దేశంలోకి పోతోంది. ఆయన పడవలో లేచి నిలబడ్డాడు.

“తిప్పా! మిగతావి ఏమైనా చేసుకో! పాలవెల్లి—”

“దొరా, వద్దు! నోరు ముయ్యండి!”

“—పాలవెల్లి నాది!”

పాలవెల్లి నడుస్తున్నదల్లా ఆగింది. దాని తెల్లని ఒంట్లోంచి, ఉతికిన బట్టను పిండితే నీళ్లు కారినట్టు, పొగ కారడం మొదలైంది. ముందు కాళ్లు పోయాయి, తర్వాత గంగడోలు, తర్వాత ఆ పెద్ద నల్లని కళ్లు. నిప్పుకణికల కళ్లతో అది మంద మీదికి తిరిగింది. రంకె వేసింది. మంద బెదిరి చెదిరింది. నాలుగు ఆవులు అదుపు తప్పి దిగువకు కొట్టుకుపోయాయి.

“ఇప్పుడు చూడండి దొరా! కళ్లారా చూడండి! చల్లగా ఉందా!” అని అరిచాడు తిప్పన్న.

ఉద్దండయ్య తెడ్డు వదిలేసి పడవ అడుగున బోర్లా పడుకున్నాడు.

మణికేతుడు కత్తి దూసి పొగఆవు ఎదుట దూకాడు. మూడు వేట్లు వేశాడు. మూడూ గాలిలోంచి పోయినట్టు పోయాయి. నాలుగో వేటుకు దాని కొమ్ము అతని భుజాన్ని చీల్చింది. పొగకు నరికే ఒళ్లు లేదు గానీ కుమ్మే కొమ్ముంది.

“కత్తి కాదయ్యా! గొంగళి! తడిపి కప్పు!”

మందపట్టున చలిమంట ఆర్పడానికి తిప్పన్న ఏళ్ల తరబడి చేసే పని అదే. యువరాజు మూట విప్పి, నాలుగు గొంగళ్లు నీళ్లలో ముంచి, ఒకదాని మీదొకటి దాని తల మీద విసిరాడు. తడి ఉన్ని కింద నిప్పుకణికలు చుయ్యిమన్నాయి. అది గుడ్డిగా గిరగిర తిరిగి, ప్రవాహంలో పడి, గొంగళ్లతో సహా దిగువకు పోయింది. పోతూ ఒక్కసారి ఆవులాగే అరిచింది. తిప్పన్న అటు చూడలేదు.

ముందు నడిచే ఆవు లేదు. రెండు వందల తొంభై పైచిలుకు పశువులు నడినీళ్లలో ఎటు పోవాలో తెలియక గుడుగుడు తిరుగుతున్నాయి. తిప్పన్న దగ్గరలో ఉన్న లేగదూడను ఎత్తి మెడమీద వేసుకున్నాడు. దాని చెవి మెలిపెట్టాడు. అది ‘అంబా’ అని కెవ్వుమంది. తల్లి వెంటపడింది. తల్లి వెనక మరో రెండు. దూడను అరిపిస్తూ, పక్కటెముకలు మండుతుండగా, అతను తానే ముందావై నడిచాడు. మంద గొలుసులా సాగి అతని వెంట వచ్చింది.

నీళ్లు నడుములోతుకు వచ్చాయి. మోకాళ్లకు వచ్చాయి. కాలికింద ఇసుక తగిలింది. తల ఎత్తి చూశాడు.

అవతలి గట్టున, సరిహద్దు రాళ్లకు ఈవల, ఇసుకలో గుడారాలు. ఊయల బల్లలు, నిలువుటద్దాలు, జాడీలు. శృంగపురి మొత్తం అక్కడే ఉంది. మందను చూసి జనం కేక పెట్టి లేచారు. ఆడా మగా చేతులు ఎత్తుకుని పరుగెత్తుకొస్తున్నారు. కొందరు అప్పుడే వేళ్లు చాపి తమ ఎద్దులను వెతుక్కుంటున్నారు.

తిప్పన్న వెనక్కి తిరిగాడు. బందెలవాడు నడిపాయలో ఆంబోతును నిలిపి, చేతులు కట్టుకుని, తీరిగ్గా చూస్తున్నాడు. అందుకే కదా ఇంత దూరం వెంట వచ్చాడు.

“మాట్లాడొద్దు! ఒక్కరూ నోరెత్తొద్దు! ‘నాది’ అనొద్దు!” తిప్పన్న గొంతు చించుకున్నాడు. మంద అరుపుల్లో ఆ కేక ఎవరికీ చేరలేదు. జనానికి కనిపించింది ఒక్కటే. ప్రతి పశువు మెడకూ కోసిన పలుపు వేలాడుతోంది, ముందు మందకాపరి నడుస్తున్నాడు.

“దొంగ వెధవ! ముడులన్నీ కోసేశాడు!” అని ఎవరో అరిచారు.

మణికేతుడు నెత్తురోడుతున్న భుజంతో ముందుకు ఉరికాడు. తానెవరో ఇక దాచలేదు. “ఆగండి! నేను మేఘవర్తి యువరాజును! ఇది రాజాజ్ఞ! ఎవరూ నోరు విప్పకండి!”

జనం ఒక్క క్షణం ఆగారు. అతని మసిముఖం చూశారు, తడిసి వేలాడుతున్న గొంగళి పీలిక చూశారు. ఒకావిడ పకపక నవ్వింది. “యువరాజట! గొంగళి కూడా సరిగ్గా కప్పుకోవడం రాదు!”

సరిహద్దు రాళ్లు నలభై అడుగుల దూరంలో ఉన్నాయి.

జనంలోంచి బట్టతల మనిషొకడు అందరినీ తోసుకుని ముందుకొచ్చాడు. తన ఒంటికొమ్ము గిత్త మీద చూపు నిలిపాడు. ముఖం వెలిగింది. చెయ్యి చాపాడు. గుండె నిండా ఊపిరి పీల్చాడు.

తిప్పన్న దూడను ఇసుకలోకి దించి, బురద అరచెయ్యి ముందుకు చాచి, తెరుచుకుంటున్న ఆ నోటి మీదికి ఒక్క దూకు దూకాడు.